నిలువెత్తు బంగారం, ఏడు కిలోల ఇనుము

కొత్తగా టీబీ విభాగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. టీ తాగడం అయ్యాక, "సారూ, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఒకటి చెప్పండి" అంటారు. నేను గెలిచిన కథ ఏదో చెబుతానని వాళ్ల ఆశ. గెలిచిన కథలు నా దగ్గర చాలానే ఉన్నాయి. వాటిలో సగం నేను రిటైరయ్యాక పెరిగినవి. అందుకే వాటిని పక్కనపెట్టి, ఒక హమాలీ నన్ను ఏడు కిలోల ఇనుముతో ఎలా బోల్తా కొట్టించాడో చెబుతాను. మీరు కూడా ఎప్పుడో ఒకప్పుడు బోల్తా పడతారు. ఎలా పడాలో ముందే తెలిసి ఉంటే దెబ్బ తక్కువ తగులుతుంది.

మా పని సంగతి తెలియని వాళ్ల కోసం ఒక మాట. మందు రాసేది డాక్టరు. తెమడ పరీక్ష చేసేది ల్యాబు. ఆరు నెలల పాటు రోగి ఆ మందు మింగుతున్నాడా లేదా అని ఇల్లిల్లూ తిరిగి చూసేది నేను. ఆ బిళ్లల్లో ఒకటి పడితే మూత్రం నారింజ రంగులోకి మారుతుంది కాబట్టి, మింగానని రోగి ఒట్టేసినా నేను సీసా చూపించమనేవాణ్ణి. మా బంధువుల్లో నా ఉద్యోగం గురించి గొప్పగా చెప్పుకోవడానికి మా ఆవిడ ఎందుకు వెనకాడేదో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

నాకు ఒక గర్వం ఉండేది. చెప్పిన రోజుకు చెప్పిన వేళకు వెళ్లేవాణ్ణి. వానైనా, వడగాడ్పైనా మార్కెట్ వెనక వాడకట్టుకు మంగళవారం ఉదయం ఎనిమిదిన్నర అంటే ఎనిమిదిన్నరే. ఈ గర్వాన్ని కాస్త గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

మన వరంగల్ మిర్చి యార్డులో దగ్గని మనిషి లేడు. ఎండుమిర్చి ఘాటుకు రైతు దగ్గుతాడు, వ్యాపారి దగ్గుతాడు, బస్తా మోసేవాడు దగ్గుతాడు, అక్కడికి వెళ్లిన నేనూ దగ్గుతాను. "రెండు వారాలకు మించి దగ్గు ఉంటే పరీక్ష చేయించుకోండి" అని మేము గోడకు అంటించిన కాగితాన్ని చూసి హమాలీలు నవ్వేవారు. "సారు, మాకు ఇరవై ఏండ్ల సంది ఉన్నది, ఏడికి పోవాలె?" అనేవారు. అలాంటి చోట ఒకడికి టీబీ ఉన్నట్టు ఎవరూ కనిపెట్టలేరు. భార్య తప్ప.

ఆమె కోల్డ్ స్టోరేజీ దగ్గర మిరపకాయలకు తొడిమలు తీసే పనికి పోయేది. ఘాటు దగ్గుకూ, రాత్రి చెమటలు పట్టించే దగ్గుకూ తేడా ఆమెకు తెలుసు. ఒకరోజు మొగుణ్ణి చొక్కా పట్టుకుని మా దవాఖానకు తీసుకొచ్చింది. మనిషి ఎముకల గూడు. మా కాంటా మీద నలభై ఒక్క కిలోలు తూగాడు. అంతే బరువున్న బస్తాలను రోజూ వీపు మీద మోస్తున్నాడన్నమాట. తెమడలో పురుగులు దొరికాయి.

మందుల కార్డు రాస్తుంటే ఆమె చేతులు జోడించింది. "నా పెనిమిటి మంచిగయితే మేడారం తల్లులకు నిలువెత్తు బంగారం ఇస్తనని మొక్కుకున్న సారు. ఎట్లనన్న జేసి బతికియ్యి."

బయటి నుంచి వచ్చిన పాఠకులు భయపడొద్దు. మేడారం జాతరలో బెల్లాన్నే బంగారం అంటారు. ఎవరి కోసం మొక్కుకున్నారో ఆ మనిషిని తక్కెడలో ఒక పక్క కూర్చోబెట్టి, రెండో పక్క సరిసమానంగా బెల్లం తూచి సమ్మక్క సారలమ్మలకు సమర్పిస్తారు. మా హమాలీకి తూకాలే బతుకుదెరువు కాబట్టి వెంటనే లెక్కలో పడ్డాడు.

"సారు, ఇప్పుడైతే నలభై ఒకటే ఉన్న. నీ మందు మంచిగ పనిజేస్తే బెల్లం పెరుగుతది. జర సూసుకొని ఇయ్యి."

"నువ్వు నోర్మూస్కో" అంది భార్య. నేను పడీ పడీ నవ్వాను. ఆ రోజు నుంచి అతనంటే నాకు ఇష్టం ఏర్పడింది. మన పనిలో రోగి మీద ఇష్టం మంచిదే గానీ, అది కళ్లద్దాల మీద చేరిన ఆవిరి లాంటిది, తుడుచుకుంటూ ఉండాలి.

అతను ఒకటే కోరాడు, విషయం బయటికి పొక్కకూడదని. వాళ్లు పద్నాలుగు మంది ఒక ముఠా. ముఠాలో చోటంటే తండ్రి నుంచి వచ్చిన భూమితో సమానం. పది రోజులు పనికి రాకపోతే ఆ చోటు కోసం బయట ఇంకొకడు కాచుకొని ఉంటాడు. పైగా అందరూ ఒకే కుండలో నీళ్లు తాగుతారు. టీబీ అని తెలిస్తే కుండ దగ్గరికి రానివ్వరని అతని భయం. ఆశా వర్కర్ ఇంటికొస్తే వాడకట్టంతా తెలిసిపోతుందన్నాడు. సరే, నెల మందులు ఇంట్లోనే పెట్టుకో, వారానికోసారి నేనే వస్తానన్నాను. ఎవరైనా అడిగితే ఆమెకు దూరపు అన్ననని చెప్పాలని ఒప్పందం.

ఈ అన్న వేషం నాకు కొత్త చిక్కు తెచ్చిపెట్టింది. మూడో మంగళవారానికే పక్కింటి ముసలమ్మ అందరూ వినేలా అడిగింది, "ఏందే, మీ అన్న వారంవారం అస్తాండు, ఒట్టి చేతులు ఊపుకుంట అస్తాండు?" పరువు పోయింది. అప్పటి నుంచి అరటిపళ్లు తీసుకెళ్లడం మొదలుపెట్టాను. వాళ్ల ఇద్దరు ఆడపిల్లలు నా బండి చప్పుడు వింటేనే పరుగెత్తుకొచ్చేవాళ్లు. అతను మాత్రం ఆ పళ్ల వైపు కన్నెత్తి కూడా చూసేవాడు కాదు. ఎంత నిగ్రహమున్న మనిషో అనుకున్నాను.

మొదటి రెండు నెలలు అంతా సవ్యంగా సాగింది. తెమడ శుభ్రమైంది. బరువు నలభై మూడుకు వచ్చింది. ఆ తర్వాత నెలనెలా దవాఖానకు వచ్చినప్పుడల్లా పెరుగుతూనే ఉంది. నలభై అయిదు, నలభై ఆరు, నలభై ఏడు, నలభై ఎనిమిది. మంగళవారం నాటి సీసా ఎప్పుడు చూసినా నిండు నారింజ రంగే. నెలవారీ మీటింగులో నేను ఆ కార్డు పైకెత్తి చూపించాను. "ఫాలో అప్ అంటే ఇది" అన్నాను. అక్కడున్న వాళ్లు చప్పట్లు కొట్టారు. నిజానికి నేనే ముందు కొట్టాను.

ల్యాబు టెక్నీషియన్ ఒక్కతే కొట్టలేదు. ఆవిడ నాకంటే చిన్నది, నోరు మాత్రం పెద్దది. సాయంత్రం టీ దగ్గర పట్టుకుంది.

"అన్నా, నీ మోడల్ పేషెంటుకు ఏడు కిలోలు పెరిగినయంటానవు. మరి బుగ్గలు ఏడవాయె? బరువంతా తొడలకే పోతాందా?"

"అమ్మా, తెమడలో పురుగుల్ని చూడటం నీ పని. మనుషుల్ని చూడటం నా పని" అన్నాను.

ఆ మాటను ఆవిడ నా రిటైర్మెంటు సభలో మైకులో చెప్పింది. ఎందుకు చెప్పిందో ఇక వినండి.

జాతర దగ్గరికొచ్చింది. అది రెండేళ్లకోసారి వస్తుంది. అతని ఆఖరి తెమడ పరీక్షకు ఇంకా పది రోజులుంది. జాతర మా పరీక్ష కోసం ఆగదు కదా. మనిషి మంచిగయ్యాడు, మొక్కు చెల్లిస్తామంది భార్య. ఆ తూకానికి నన్ను రమ్మని పిలిచింది. "నువ్వు లేంది ఎట్ల అన్నా, నీ చేతుల మీదనే మంచిగయ్యిండు" అంది. మనసు ఉబ్బిపోయింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను.

మార్కెట్ ముందరి బెల్లం దుకాణంలో దూలానికి పాతకాలపు పెద్ద తక్కెడ వేలాడుతోంది. జాతర రోజుల్లో మనుషులను తూచడానికే దాన్ని బయటికి తీస్తారు. సేటు ముందే అడిగాడట, ఎంత బెల్లం తీసిపెట్టాలని. ఆమె నాకు ఫోన్ చేస్తే కార్డు చూసి నేనే చెప్పాను, నలభై ఎనిమిది కిలోలు అని. బెల్లం ముద్దలు పళ్లెంలో సిద్ధంగా ఉన్నాయి. మోయడానికి సాయంగా ముఠా మేస్త్రీ కూడా వచ్చాడు. అతనికి తెలిసినంతలో ఇది ఏదో కడుపునొప్పి మొక్కు.

డప్పు మోగింది. కొబ్బరికాయ కొట్టారు. మా హమాలీ పసుపు నీళ్లతో స్నానం చేసి, కొత్త లుంగీ కట్టుకుని, దండం పెట్టి తక్కెడలో కూర్చున్నాడు. సేటు మనుషులు పళ్లేల కింది చెక్కలు లాగేశారు.

బెల్లం ధబ్బున నేలకు దిగింది. మనిషి గాల్లోకి లేచాడు. రెండు కాళ్లూ ఆడిస్తూ, గొలుసు పట్టుకుని, దూలం కింద వేలాడుతున్నాడు. దుకాణం ముందున్న జనమంతా నవ్వారు. అతని చిన్న కూతురు చప్పట్లు కొట్టింది.

నాకు ఒళ్లు మండింది. "సేటూ, తల్లుల మొక్కులో కూడా మోసమా? నీ తక్కెడ దొంగది" అని అరిచాను.

సేటు ముఖం ఎర్రబడింది. "సారూ, గీ తక్కెడ మా తాత నాటిది. దీన్నెవ్వడు గిట్ల అనలే" అంటూ రెండు పక్కలా ఇరవై కిలోల రాళ్లు పెట్టాడు. ముల్లు నిటారుగా నిలబడింది. "ఇంకా అనుమానముంటే నువ్వే కూసో" అన్నాడు. పంతానికి పోయి కూర్చున్నాను. డెబ్బై ఎనిమిది. ఇంట్లో నేను చెప్పుకునేది డెబ్బై రెండు. తక్కెడ మంచిదేనని అప్పుడు నాకు నమ్మకం కుదిరింది.

అతణ్ణి మళ్లీ కూర్చోబెట్టి బెల్లం ముద్దలు ఒకటొకటిగా తీయడం మొదలుపెట్టారు. మొదటి ముద్ద తీస్తే జనం నవ్వారు. రెండోది తీసినప్పుడు కొందరే నవ్వారు. మూడోది తీసేటప్పటికి డప్పు కూడా ఆగిపోయింది. ఇంకా కొంత కోసి తీస్తే పళ్లేలు సమమయ్యాయి. సేటు పళ్లెంలో మిగిలింది లెక్కచూసి, చిన్న గొంతుతో చెప్పాడు, నలభై ఒకటి.

మొదటి రోజు బరువు. ఆరు నెలల నా ఉద్యోగం గాల్లో కలిసింది.

ఆమె అరవలేదు. నా వైపు చూసి, "గట్లెట్ల అన్నా? కార్డుల నలభై ఎనిమిదున్నది గదా" అంది. దానికి సమాధానం తక్కెడలో తల వంచుకుని కూర్చున్న మనిషి దగ్గర ఉంది.

"ఇనుము కట్టుకున్న" అన్నాడు.

దవాఖానకు వచ్చిన రోజుల్లో పాత తూకం రాళ్లను గుడ్డలో చుట్టి, లుంగీ లోపల తొడలకు కట్టుకునేవాడట. నెలనెలా పెంచుకుంటూ ఏడు కిలోలకు తెచ్చాడట. బస్తాలు మోసే నడుముకు ఏడు కిలోలు ఒక లెక్కా? నడకలో నాకు తేడానే కనబడలేదు. బరువు తొడలకే పోతోందని మా ల్యాబు ఆవిడ అన్నప్పుడే నేను వినాల్సింది.

"మరి ఇవ్వాళ ఎందుకు కట్టుకోలేదురా?" అన్నాను, ఇంకేం అడగాలో తోచక.

"పొద్దుగాల కట్టుకున్న సారు. మళ్ల ఇప్పేసిన. సర్కారు కాంటాకు అబద్ధం జెప్పిన గని తల్లుల తక్కెడకు ఎట్ల జెప్త?"

"సీసా సంగతేంది? ప్రతి మంగళవారం చూసిన గదా!"

"మంగళారం మంగళారం ఏసుకున్న సారు. నువ్వు తప్పవు గదా."

నా గర్వం గుర్తుపెట్టుకోమన్నాను కదా, అది అక్కడ పనికొచ్చింది. నేను ఎనిమిదిన్నరకు వస్తానని తెలుసు కాబట్టి అతను తెల్లవారుజామున మింగేవాడు. వారంలో మిగతా ఆరు రోజులూ బిళ్లలు మిర్చి బస్తాల గోనె మడతల్లోకి పోయేవి. నేను ఒక్కసారి గురువారం వెళ్లి ఉంటే చాలు. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో రోగుల కళ్లు, గోళ్లు, నాలుకలు చూడటం నేర్చుకున్నాను గానీ, చెప్పకుండా వెళ్లడం నేర్చుకోలేదు.

నాకు పట్టరాని కోపం వచ్చింది. నడిరోడ్డు మీద తిట్టాను. మందులు పడటం లేదా, కడుపులో తిప్పుతోందా, చెప్పొచ్చు కదా అని అరిచాను. అతను తక్కెడ దిగకుండానే జవాబు చెప్పాడు.

"మస్తు పడ్డయి సారు. అదే ఫికరయ్యింది. రెండు నెల్లయినంక ఆకలి మొదలైంది. గట్లాంటి ఆకలి నేను పుట్టినంక ఎరుగ. ఇంట్ల వండేది నలుగురికి. నేనొక్కన్నే ఇద్దరి తిండి తింటాన. ఒకనాడు చిన్నది 'బాపూ, ఇంక బువ్వ కావాలె' అంటే గిన్నె సూసిన. గిన్నె నేనే ఊడ్సిన. మందు ఆపిన, ఆకలి ఆగింది."

గొలుసు గట్టిగా పట్టుకుని, "బరువు పెరగకపోతే నువ్వు మనసుల వెట్టుకుంటవని గా ఇనుము కట్టిన. పెరిగిందంటే నువ్వు శాన సంబురపడ్తివి" అన్నాడు.

నాకు సిగ్గేసింది. అందరి ముందూ సిగ్గేసింది, ఇప్పుడు రాస్తుంటే కూడా వేస్తోంది. ఆరు నెలలు ప్రతి మంగళవారం "మందు వేసుకున్నావా" అని అడిగాను. "ఏం తిన్నావు" అని ఒక్కసారి కూడా అడగలేదు. అరటిపళ్ల వైపు చూడని నిగ్రహం ఏమిటో అప్పుడు తెలిసింది. ఇంకా ఘోరం ఏమిటంటే, రోగుల తిండి కోసం సర్కారు ఇచ్చే సాయం అతనికి బ్యాంకు ఖాతా లేక ఆగిపోయింది. ఆ ఖాతా తెరిపించాల్సిన కాగితం నాలుగు నెలలుగా నా సంచిలోనే మడిచిపెట్టి ఉంది.

అప్పటికి మేస్త్రీకి సంగతంతా అర్థమైంది. అందరూ అతని వైపే చూస్తున్నారు. మా హమాలీ కూడా చూస్తున్నాడు. రోగం కంటే ఆ మనిషి నోటి మాటకే ఎక్కువ భయపడుతున్నాడని తెలుస్తూనే ఉంది.

"నాకెందుకు జెప్పలే?" అన్నాడు మేస్త్రీ.

"తీసేస్తవని."

మేస్త్రీ మీసం దువ్వుకుని ఆలోచించాడు. "తీసేసెటోన్నే. అబద్ధమెందుకు" అన్నాడు. ఇంత నిజాయితీపరుణ్ణి నేను మా డిపార్టుమెంటులో కూడా చూడలేదు. తర్వాత నా వైపు తిరిగాడు. "సారు, మందు సక్కగ ఏసుకుంటే మాకు అంటుతదా?"

మొదటి కొన్ని వారాలు జాగ్రత్తగా ఉంటే చాలని, ఆ తర్వాత భయం లేదని చెప్పాను. ముఠాలో అందరికీ పరీక్ష చేయాలన్నాను.

"సేసుకో. గీన్ని రెండు నెల్లు ఇంటికాడ కూసోవెడ్త. అటెనుక బస్తాల మూతులు కుట్టే పనికి వెడ్త. చోటు ఎటు పోదు" అన్నాడు మేస్త్రీ. తక్కెడలోని మనిషి గొలుసు వదిలేసి రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు.

ఆమె కొంగు నడుముకు దోపి మొగుడి ముందు నిలబడింది. "దిగు. తల్లులకు నేను జెప్పుకుంట, ఇంకా మంచిగ గాలేదని. రెండేండ్లు ఆగుమంట. గీ బెల్లం పిల్లలు తింటరు, నువ్వు గూడ తింటవు."

మర్నాడు పద్నాలుగు డబ్బాల తెమడ చూసి మా ల్యాబు ఆవిడ నా మీద పాత కక్షలన్నీ తీర్చుకుంది. మా హమాలీకి పురుగులు తిరిగి వచ్చాయి. అదృష్టవశాత్తూ మందులకు ఇంకా లొంగేవే. మిగతా వాళ్లలో ఇంకొకరికి కూడా దొరికింది. ఎవరికో చెప్పను. ఆ రోజు నుంచి మేస్త్రీ గొంతు కాస్త తగ్గిందని మాత్రం చెబుతాను.

మందులు మళ్లీ మొదటి నుంచి. ఈసారి బిళ్ల మింగినట్టు సాక్షి సంతకం మేస్త్రీదే. నాతో పనిలేకుండా ముఠా ఒక పద్ధతి పెట్టుకుంది. మధ్యాహ్నం సద్దులు విప్పగానే ప్రతివాడూ తన గిన్నెలోంచి ఒక పిడికెడు అన్నం తీసి అతని పళ్లెంలో పెట్టాలి. అతను ఇంటిపట్టున ఉన్న రెండు నెలలూ ఆ పళ్లెం పిల్లల చేతికిచ్చి పంపారు. నేను ఖాతా కాగితం చేతబట్టుకుని బ్యాంకులో మూడు రోజులు నిలబడ్డాను. మంగళవారాలు మానేశాను. ఒకసారి గురువారం, ఒకసారి శనివారం వెళ్లేవాణ్ణి. ముసలమ్మకు నా మీద అనుమానం ఇంకా పెరిగింది.

రెండేళ్లకు మళ్లీ జాతర వచ్చింది. నేను అప్పటికి రిటైరయ్యాను. అయినా పిలుపు వచ్చింది. అదే దుకాణం, అదే తక్కెడ. సేటు నన్ను చూసి, "సారు, ముందుగాల నువ్వు కూసుంటవా?" అన్నాడు. వద్దన్నాను.

ఆమె ఎంత బెల్లం తీసిపెట్టమందో తెలుసా? నలభై ఎనిమిది కిలోలే. ఆ కార్డు మీది అబద్ధాన్ని నిజం చేసి చూపించాలన్న పంతం. అతను తక్కెడ ముందు నిలబడి, చొక్కా విప్పి, లుంగీ మోకాళ్ల పైకి ఎత్తి తొడలు చూపించాడు. "సూడుండ్రి, ఏం లేదు" అన్నాడు. మేస్త్రీతో సహా అందరూ గొల్లుమన్నారు. కూర్చున్నాడు. చెక్కలు లాగేశారు.

ఈసారి అతని పళ్లెమే నేలకు దిగింది. మనిషి నేల మీదే ఉన్నాడు. బెల్లం గాల్లో ఉంది.

"ఇంకో ముద్ద ఎయ్యి సేటు" అందామె. వేశాడు. మనిషి కదల్లేదు. "ఇంకోటి." కొంచెం కదిలినట్టే కదిలి మళ్లీ కూర్చున్నాడు. ఆమె నడుము మీద చేయి వేసుకుని మొగుణ్ణి కోపంగా చూడబోయింది.

"ఎంత తిన్నవయ్యా!" అంది.

అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు చిన్న కూతురు వంగి, పక్కనున్న రాశిలోంచి రెండు చేతులతో ఒక ముద్ద ఎత్తి, తానే తీసుకెళ్లి పళ్లెంలో పెట్టింది. తండ్రి నేల విడిచి మెల్లగా పైకి లేచాడు.